చెప్పిన మాట – రాసిన మాట: స్థానిక న్యాయస్థాన రికార్డు, తెలుగు సాహిత్యం

వ్యాససంగ్రహం:
ఒక ప్రాంతపు సామాజిక చరిత్రకు అక్కడి న్యాయస్థాన రికార్డు ముఖ్యమైన ఆధారం. హైదరాబాదు తూర్పు శివారులోని కాప్రా, ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాల విషయంలో ఈ ఆధారం రెండు విధాలుగా పరిశోధకునికి దూరమైంది. పాలనా పరిధులు పదే పదే మారడం ఒక కారణం. తెలుగు మాట్లాడే కక్షిదారుని మాట పారశీకం, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో నమోదు కావడం రెండో కారణం. ఈ దూరాన్ని తెలుగు సాహిత్యం ఎంతవరకు పూరించగలిగిందో కేతన 'విజ్ఞానేశ్వరీయం', గురజాడ 'కన్యాశుల్కం', రాచకొండ విశ్వనాథశాస్త్రి 'మాయ' కథల ఆధారంగా పరిశీలించడం, సాహిత్యం రికార్డుకు ప్రత్యామ్నాయం కాగలదా అన్న ప్రశ్నను విచారించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: న్యాయస్థాన రికార్డు, వాంగ్మూలం, అత్రాఫ్ బల్దా, కాప్రా, ముద్దాయి, కన్యాశుల్కం, మాయ, తెలుగు తీర్పు.

1. ఉపోద్ఘాతం:
న్యాయస్థానంలో సాక్షి మాట్లాడతాడు, గుమాస్తా రాస్తాడు, న్యాయమూర్తి సంతకం చేస్తాడు. కొన్నేళ్ల తర్వాత ఆ కాగితం తీసి చదివేవారికి ఆ సాక్షి గొంతు వినిపిస్తుందా? చరిత్రకారులు న్యాయస్థాన రికార్డును సమాచార నిధిగా చూశారు. న్యాయవాదులు దాన్ని రుజువుగా చూశారు. సాహిత్య విమర్శకులు మాత్రం దాని జోలికి అంతగా వెళ్లలేదు. అయితే వాంగ్మూలం కూడా ఒక కథనమే. అందులో చెప్పేవారు ఒకరు, రాసేవారు వేరొకరు. ఎవరి మాటను ఎవరు, ఏ భాషలో, ఏ ప్రయోజనం కోసం నమోదు చేశారన్నది కథన పరిశీలనకు సంబంధించిన ప్రశ్న. కనుక విమర్శ పరికరాలతో రికార్డును చదవవచ్చు; రికార్డును దృష్టిలో ఉంచుకొని సాహిత్యాన్నీ చదవవచ్చు.

ఇందుకు కాప్రా పరిసరాలు తగిన నేపథ్యం. 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడిన తరువాత ఈ ప్రాంతపు సాగుభూములు క్రమంగా కాలనీలుగా మారాయి. 2007లో కాప్రా, ఉప్పల్ కలాన్ పురపాలక సంఘాలు మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. పొలం ప్లాటుగా మారిన ప్రతిచోటా హద్దు, వారసత్వం, పట్టా అన్న మూడు మాటలు న్యాయస్థానం మెట్లు ఎక్కుతాయి. అందువల్ల ఇక్కడి పాత రికార్డు పరిశోధకుల ఆసక్తికి మాత్రమే పరిమితమైనది కాదు. ఇప్పటి మనుషుల ఇంటికీ నేలకూ సంబంధించినది.

2. పరిధులు మారిన నేల – చెదిరిన రికార్డు:
నిజాం రాజ్యంలో న్యాయాధికారం ఒకేచోట ఉండేది కాదు. దివానీ ప్రాంతాలు, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్, పైగాలు, జాగీర్లు, సంస్థానాలు వేర్వేరు వ్యవస్థల కింద ఉండేవి. పెద్ద పైగాలకూ, సంస్థానాలకూ సొంత న్యాయస్థానాలు ఉండేవి. రాజధాని చుట్టూ ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా పేరు అత్రాఫ్ బల్దా, అంటే నగరపు పరిసరాలు. ఆ పేరులోనే శివారు స్థితి కనిపిస్తుంది. నగరం కేంద్రం, చుట్టూ ఉన్న నేల దాని అంచు.

పోలీసు చర్య తరువాత 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వపరమైంది. అత్రాఫ్ బల్దా హైదరాబాదు జిల్లాలో కలిసింది. 1978లో ఆ జిల్లా గ్రామీణ భాగం రంగారెడ్డి జిల్లాగా ఏర్పడింది. 2016 అక్టోబరు 11న కాప్రా, ఉప్పల్ ప్రాంతాలు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాయి. 2022 జూన్ 2న రాష్ట్రంలో 32 జిల్లా న్యాయస్థానాలు కొత్తగా ప్రారంభం కావడంతో న్యాయ జిల్లాల పటం రెవెన్యూ జిల్లాల పటానికి దగ్గరైంది. జిల్లా మారిన ప్రతిసారీ దస్త్రాలు కూడా కదలాలి. ఒకే కుటుంబపు భూమికి సంబంధించిన మూడు తరాల కాగితాలు మూడు కార్యాలయాల్లో, మూడు భాషల్లో ఉండగల స్థితి ఇలా ఏర్పడింది.

రంగారెడ్డి జిల్లాకు పేరునిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి స్వయంగా వకీలు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు కూడా వకీళ్లే. తెలంగాణలో తెలుగు కోసం సాగిన తొలి ఉద్యమానికి ఇంతమంది వకీళ్లు నాయకత్వం వహించడాన్ని కేవలం విద్యాధికుల చొరవగా వివరిస్తే సరిపోదు. కక్షిదారుడు చెప్పే తెలుగును రోజూ ఉర్దూలోకి మార్చి న్యాయస్థానానికి సమర్పించినవారు వారే. రెండు భాషల నడుమ ఏది జారిపోతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలిసే అవకాశం లేదు.

నాచారానికి చేరువలో ఉన్న తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ భాండాగారంలో నిజాం కాలపు దఫ్తర్-ఎ-దివానీ వంటి శాఖల దస్త్రాలు ఉన్నాయి. వాటిలో అధికభాగం పారశీకం, ఉర్దూ భాషల్లో ఉన్నాయి. తెలుగు శాఖల్లో చదివి స్థానిక చరిత్రపై పరిశోధనకు పూనుకొనేవారికి భౌతికంగా దగ్గరలోనే ఉన్న ఈ భాండాగారం భాషాపరంగా చాలా దూరంలో ఉంది.

3. ఇంగ్లండు అనుభవం – ఒక పోలిక:
మాట ఒక భాషలో, రికార్డు వేరొక భాషలో ఉండటం తెలుగువారికి మాత్రమే ఎదురైన అనుభవం కాదు. ఇంగ్లండులో 1362 నాటి శాసనం న్యాయస్థానాల్లో వాదన ఇంగ్లీషులో సాగాలని చెప్పింది. నమోదు మాత్రం లాటిన్‌లో ఉండాలని అదే శాసనం నిర్దేశించింది. లాటిన్ నమోదు తొలగి రికార్డు ఇంగ్లీషులోకి స్థిరంగా మారడానికి 1733 వరకు ఆగవలసి వచ్చింది. అంటే మాటకూ రాతకూ మధ్య దాదాపు 370 ఏళ్ల ఎడం.

1846 చట్టంతో అక్కడ కౌంటీ కోర్టులు కొత్త రూపం పొందాయి. తొలుత 20 పౌండ్లకు మించని చిన్న అప్పుల తగాదాలు వీటి ముందుకు వచ్చేవి. దుకాణదారు, కూలీ, అద్దెదారు వంటి సామాన్యులు అడుగుపెట్టిన న్యాయస్థానాలు ఇవే. రికార్డులు ఎక్కువగా నశించినవి కూడా ఇటువంటి కింది కోర్టులవే. పెద్ద వ్యాజ్యాల పత్రాలు భద్రమైనంతగా చిన్న అప్పుల చిట్టాలు భద్రం కాలేదు. చాన్సరీ కోర్టులో ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాన్ని 'బ్లీక్ హౌస్' నవలకు కేంద్రం చేసిన చార్లెస్ డికెన్స్, యౌవనంలో న్యాయస్థానాల్లో సంక్షిప్తలేఖకునిగా పనిచేశాడు. ఇతరుల మాటను రాసిపెట్టే పని చేసినవాడే రికార్డు వదిలేసినదాన్ని నవలలో పెట్టాడు. ఇదే క్రమం తెలుగులోనూ కనిపిస్తుంది.

4. పదాల్లో మిగిలిన రికార్డు:
దస్త్రాలు చేతికి అందకపోయినా వాటి జాడ భాషలో మిగిలింది. వకీలు, దావా, అర్జీ, జప్తు, జామీను, రాజీ, హాజరు, నకలు, తకరారు, వకాల్తా వంటి పదాలు పారశీక, అరబీ మూలాల నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. ఇవి కేవలం ఎరువు మాటలు కావు. న్యాయస్థానాన్ని సామాన్యుడు ఎలా అనుభవించాడో ఇవి చెబుతాయి.

'ముద్దాయి' దీనికి మంచి ఉదాహరణ. మూలభాషలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, వాది. తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణకు గురైనవాడు. అర్థం పూర్తిగా తలకిందులైంది. దీన్ని అపార్థంగా కొట్టివేయవచ్చు. కాని ఒక పదం జనవ్యవహారంలో నిలిచిపోవాలంటే దానికి అనుభవపు ఆధారం ఉండాలి. కోర్టు పిలిచిన ప్రతివాడూ తప్పు చేసినవాడిలాగే నిలబడవలసిన చోట, వాదికీ నిందితునికీ మధ్య గీత చెరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ వివరణ ఒక ఊహే అయినా, పదచరిత్రను సామాజిక చరిత్రతో కలిపి చదవవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.

'వాయిదా' మరొక ఉదాహరణ. మూలంలో ఈ పదానికి మాట ఇవ్వడం, గడువు నిర్ణయించడం అన్న అర్థాలున్నాయి. తెలుగులో గడువు అర్థం ఉంటూనే, పనిని ముందుకు నెట్టడం అన్న అర్థం బలపడింది. ఒప్పందంగా మొదలైన పదం ఎదురుచూపుగా మారింది. న్యాయస్థానాల తీరుపై ఎంతో చర్చ జరిగినా, దాని సారాన్ని జనం ఈ ఒక్క మాటలో నిక్షేపించారు.

5. తెలుగుకు న్యాయభాష లేదా? – విజ్ఞానేశ్వరీయం:
న్యాయస్థానం తెలుగులో నడవకపోవడానికి తెలుగులో తగిన పరిభాష లేకపోవడమే కారణమన్న వాదన తరచుగా వినిపిస్తుంది. సాహిత్య చరిత్ర ఈ వాదనను అంగీకరించదు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన 'మితాక్షర' వ్యాఖ్యను అనుసరించి 'విజ్ఞానేశ్వరీయం' రచించాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా సాగే ఈ గ్రంథంలో వ్యవహార కాండ పూర్తిగా తగాదాలకూ, వాటి పరిష్కారానికీ సంబంధించినది. ఋణం, దాయభాగం, సాక్షి, లేఖ్యం వంటి అంశాలను కేతన తెలుగు పద్యంలో వివరించగలిగాడు. 'ఆంధ్రభాషాభూషణం' పేరుతో తెలుగులో తొలి వ్యాకరణం రాసిన కవే తొలి న్యాయగ్రంథమూ రాయడం గమనించదగినది. భాషకు నియమం, వ్యవహారానికి నియమం అన్న రెండూ దేశభాషలో ఉండాలన్న దృష్టి ఈ రెండు రచనల్లోనూ ఉంది.

అయితే కేతన గ్రంథం శాస్త్రాన్ని తెలుగు చేసింది. సామాన్యుని గొంతును కాదు. అది న్యాయం ఎలా ఉండాలో చెప్పే రచన. న్యాయం ఎలా జరుగుతుందో చూపడానికి వచన సాహిత్యం రావలసి వచ్చింది.

6. లేని మనిషి హత్య – కన్యాశుల్కం:
గురజాడ అప్పారావుకు రికార్డులతో గాఢమైన పరిచయం ఉంది. విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకునిగా పనిచేశాడు. సంస్థానపు వ్యాజ్య వ్యవహారాల్లోనూ పాలుపంచుకున్నాడు. 'కన్యాశుల్కం' తొలి ముద్రణ 1897లో, పూర్తిగా మార్చిన రెండో కూర్పు 1909లో వెలువడ్డాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల లెక్క 1034గా తేలినట్లు తొలి కూర్పు పీఠికలో గురజాడ పేర్కొన్నాడు. అంటే ఈ నాటకం వెనుక ఒక రికార్డు ఉంది. 1034 అన్న అంకె సమస్య పరిమాణాన్ని చెబుతుంది. బుచ్చమ్మ ఏమనుకుంటుందో అది చెప్పదు. నాటకం అక్కడి నుంచి మొదలవుతుంది.

రెండో కూర్పులోని వ్యాజ్యాల అల్లికను ఈ దృష్టితో చూడాలి. లుబ్ధావధాన్లు పెళ్లాడిన 'వధువు' నిజానికి ఆడవేషం వేసిన మహేశం అనే కుర్రవాడు. ఆ వేషం విడిచి మహేశం తప్పుకోగానే, కనబడని పెళ్లికూతురిని లుబ్ధావధాన్లు హత్య చేశాడన్న అభియోగం తయారవుతుంది. అసలు లేని స్త్రీ హత్యకు సాక్షులను సమకూర్చవచ్చు, కేసును నిలబెట్టవచ్చు. న్యాయస్థానానికి అవసరమైనది మనిషి కాదు, మనిషి ఉన్నట్లు చెప్పే కాగితమూ సాక్ష్యమూ అన్న నిజాన్ని గురజాడ ఈ ఒక్క కల్పనతో చూపించాడు.

మరోవైపు అగ్నిహోత్రావధాన్లు దావాల మీద మోజు ఉన్నవాడు. ఇంగ్లీషు తనకు రాదు. తన తగాదాకు సంబంధించిన కాగితాలు ఇంగ్లీషు చదివినవారి చేతుల్లో ఉంటాయి. గిరీశానికి ఆ ఇంట చోటు దొరకడంలో అతని ఇంగ్లీషుకు పాత్ర ఉంది. భాష తెలియని కక్షిదారుని ఇంట్లోకి భాష తెలిసిన మోసగాడు ప్రవేశించాడు. బుచ్చమ్మను లేవదీసుకొని పోవడం వరకు సాగిన కథకు కోర్టు భాషకూ సంబంధం ఉందన్న విషయాన్ని విమర్శకులు మరింతగా పట్టించుకోవలసి ఉంది.

చివరికి చిక్కు విడిపోయేది కోర్టు గదిలో కాదు. మగవేషంలో వచ్చిన మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో నిజం చెప్పడంతో విడిపోతుంది. ఒక వేషం వల్ల పుట్టిన అబద్ధాన్ని మరొక వేషంలో వచ్చిన మనిషి తొలగించింది. వాంగ్మూలం కాని మాట, ప్రమాణం చేయని మాట, వేశ్య అన్న కారణంగా సమాజం లెక్కచేయని మాట ఇక్కడ నిజాన్ని బయటపెట్టింది.

7. అనువాదం కాని గొంతు – మాయ:
రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) వృత్తిరీత్యా విశాఖపట్నంలో న్యాయవాది. మద్యనిషేధ కాలపు కింది కోర్టులు ఆయన 'ఆరు సారా కథలు'కు భూమిక. వాటిలో 'మాయ' కథ ఈ చర్చకు కీలకమైనది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, వృత్తిలో కొత్తగా అడుగుపెట్టిన యువ న్యాయవాది మూర్తికి వ్యవస్థ ఎలా నడుస్తుందో తన మాటల్లో చెబుతుంది. పోలీసు, ప్లీడరు, కోర్టు అన్న గొలుసు ఆమెకు పుస్తకజ్ఞానం కాదు, నిత్యానుభవం.

ఇక్కడ శాస్త్రి చేసిన కథన నిర్ణయం పరిశీలించాలి. ముత్యాలమ్మ సుదీర్ఘంగా మాట్లాడుతుంది. కథకుడు ఆ మాటను సంక్షేపించడు, శిష్టభాషలోకి మార్చడు. ఉత్తరాంధ్ర మాండలికం దాని ఊపుతో, కోపంతో, వ్యంగ్యంతో కాగితం మీదికి వస్తుంది. న్యాయస్థానపు వాంగ్మూలంతో దీన్ని పోల్చితే తేడా తెలుస్తుంది. మన క్రిమినల్ ప్రక్రియలో సాక్ష్యాన్ని సాధారణంగా ప్రశ్న-జవాబుగా కాక కథనంగా నమోదు చేస్తారు. ప్రశ్న మాయమవుతుంది, జవాబు మాత్రమే మిగులుతుంది. ఎవరో అడగ్గా చెప్పిన మాట తానే చెప్పినట్లుగా కనిపిస్తుంది. పైగా సాక్షి తెలుగులో చెప్పినది ఇంగ్లీషు వాక్యంగా టైపు కావడం కింది కోర్టుల్లో సాధారణంగా కనిపించేదే. సాక్షి మాటను ఆ భాషలోనే నమోదు చేసే వీలును చట్టం కల్పించినా, వీలు కానప్పుడు న్యాయస్థాన భాషలోకి అనువాదాన్ని అనుమతించింది. ఆ మినహాయింపే ఆనవాయితీగా మారింది.

ఈ ప్రక్రియలో పోయేది యాస మాత్రమే కాదు. సంకోచం, ఎత్తిపొడుపు, మధ్యలో ఆగిపోవడం, అడిగినదానికి కాక అడగనిదానికి జవాబు చెప్పడం వంటివన్నీ పోతాయి. నిజానిజాలను తేల్చే సూచనలు చాలావరకు వీటిలోనే ఉంటాయి. రికార్డు వదిలేసిన ఈ భాగాన్నే 'మాయ' కథ తన శరీరంగా చేసుకుంది. వృత్తిలో ఒక రకమైన రాత రాసినవాడే కథలో మరో రకమైన రాత రాశాడు.

8. సభ నుంచి తీర్పు వరకు:
1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో, తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు కొందరు ఎగతాళి చేసి అడ్డుకున్నారు. ఆయన కూడా వకీలే. ఆ అవమానం ఆంధ్ర జనసంఘ స్థాపనకు దారితీసింది. అదే 1921లో నిజాం ప్రభుత్వం న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేసింది. సంస్థాగతంగా ఇది ముందడుగు. కాని వ్యవస్థ ఎంత సంస్కారవంతమైనా కక్షిదారుని భాష దానికి వెలుపలే ఉందన్న సంగతిని అదే ఏడాది జరిగిన ఆ సభ గుర్తుచేస్తుంది.

శతాబ్దం గడిచాక, 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానంలో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం తెలుగులో తీర్పు వెలువరించింది. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానంలో ఇది తొలి తెలుగు తీర్పుగా గుర్తింపు పొందింది. ఆ వివాదం మచ్చబొల్లారంలోని భూమికి సంబంధించిన కుటుంబ తగాదా. మచ్చబొల్లారం కూడా కాప్రా ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. తెలుగు న్యాయభాష మళ్లీ తలెత్తినది ఏదో రాజ్యాంగ సూత్రం మీద కాదు, శివారు నేల మీద, దాయాదుల పంపకం మీద కావడం గమనించాలి. కేతన వ్యవహార కాండలో దాయభాగానికి ఉన్న స్థానం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

అయితే తీర్పు తెలుగులో రావడం ఒక ఎత్తు. వాంగ్మూలం తెలుగులో ఉండటం మరో ఎత్తు. తీర్పు న్యాయమూర్తి మాట. వాంగ్మూలం కక్షిదారుని మాట. మొదటిది ఆదర్శప్రాయం కావచ్చు. రెండోది మారనిదే రికార్డు స్వభావం మారదు.

9. సాహిత్యం రికార్డుకు ప్రత్యామ్నాయమా?
ఇంతవరకు చూసినదాన్ని బట్టి సాహిత్యమే నిజమైన రికార్డు అనడం తొందరపాటు అవుతుంది. ముత్యాలమ్మ గొంతు కూడా ఒక రచయిత కూర్చినదే. గురజాడ, శాస్త్రి ఇద్దరూ కోర్టును తీవ్రంగా విమర్శించదలచినవారు. ఆ ఉద్దేశం వారి ఎంపికలను నడిపింది. పైగా ఈ రెండు రచనలూ ఉత్తరాంధ్రకు చెందినవి. అత్రాఫ్ బల్దా రైతు ఉర్దూ కాగితం ముందు ఎలా నిలబడ్డాడో వాటిని బట్టి నిర్ధారించలేము. ఒక పొలం హద్దులు, ఒక అప్పు వడ్డీ, ఒక కుటుంబంలోని వారసుల వరస వంటివి రికార్డులోనే ఉంటాయి. ఏ నవలా వాటిని ఇవ్వలేదు. కాబట్టి ఈ రెండింటిలో ఒకదాన్ని తీసుకొని మరోదాన్ని వదలడం కుదరదు. రికార్డు ఏమి జరిగినట్లు నమోదైందో చెబుతుంది. నమోదు కావడంలో ఏమి పోతుందో గుర్తించడానికి సాహిత్యం శిక్షణ ఇస్తుంది.

రికార్డు నిలవకపోతే ఈ శిక్షణ నిష్ప్రయోజనం. 1917 నాటి చట్టం పాత కాగితాలను తొలగించే నియమాలు చేసే అధికారాన్ని ఉన్నత న్యాయస్థానాలకు ఇచ్చింది. తీర్పుకూ డిక్రీకీ ఉన్న ఆయుష్షు మిగతా కాగితాలకు సాధారణంగా ఉండదు. 2023లో 7,210 కోట్ల రూపాయల అంచనాతో కేంద్రం ఆమోదించిన ఇ-కోర్టుల మూడో దశలో పాత రికార్డుల డిజిటలీకరణ కూడా ఒక భాగం. ఏది స్కాన్ కావాలి, ఏది పోవాలి అన్న నిర్ణయంలో భాషా సాహిత్య పరిశోధకుల దృష్టికి చోటు లేకపోతే, తీర్పులు మిగిలి మాటలు నశించే ప్రమాదం ఉంది.

10. ముగింపు:
1. కాప్రా పరిసరాల న్యాయ చరిత్ర అత్రాఫ్ బల్దా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి వరకు పలు పరిధుల్లో చెదిరి ఉంది. దీన్ని ఒకచోటికి తేవడం స్థానిక చరిత్ర పరిశోధనలో తొలి పని.
2. ముద్దాయి, వాయిదా వంటి పదాల అర్థ పరిణామం న్యాయస్థానంతో జనానికి ఉన్న సంబంధాన్ని సూచిస్తుంది. ఈ పదజాలంపై ప్రత్యేక పరిశోధన జరగాలి.
3. 13వ శతాబ్దంలోనే తెలుగులో న్యాయగ్రంథం వెలిసింది. న్యాయస్థానానికి తెలుగు దూరం కావడానికి భాషాశక్తి లోపం కారణం కాదు. పాలనా భాషల ఎంపిక కారణం.
4. 'కన్యాశుల్కం' రికార్డు ఎలా తయారవుతుందో, 'మాయ' రికార్డులో ఏది పోతుందో చూపుతాయి. ఈ రెండూ వాంగ్మూలాన్ని చదివే పద్ధతిని నేర్పే రచనలు.
5. తెలుగు శాఖల్లో పరిశోధనకు వచ్చేవారికి ఉర్దూ లిపి పరిచయం, దస్త్ర పఠనం నేర్పే చిన్న పాఠ్యక్రమాన్ని ప్రవేశపెడితే తార్నాక భాండాగారం తెరుచుకుంటుంది. నాచారం నుంచి తార్నాకకు దూరం కొద్ది కిలోమీటర్లే, దాటవలసినది లిపిని. ఆ పని జరిగేలోగా కాగితం పాడైపోకుండా చూడవలసిన బాధ్యత నేటి తరం పరిశోధకులపై, సంస్థలపై ఉంది.